రక్తనాళ మేస్త్రీలకు ఆత్మీయ సన్మానం

మనిషి ప్రాణం ప్రధానంగా రెండు వ్యవస్థల మీద ఆధారపడి ఉంది. ఒకటి రక్తనాళాలు, రెండోది కార్యాలయాల కొనుగోలు విభాగం. కాలం గడిచేకొద్దీ రెండూ పూడుకుపోతాయి. మొదటిదానికి స్టెంటు కనిపెట్టారు.

ఈ రెండు వ్యవస్థలు ఒకే గదిలో ఎదురుపడితే ఏం జరుగుతుందో కళ్లారా చూసే భాగ్యం నాకు పెళ్లయిన కొత్తలోనే కలిగింది. (మిగతా కొత్త జంటలు ఊటీ చూస్తాయి. ఊటీలో ఇంత చలి ఉండదు. మా ఆయన ల్యాబులో ఏసీ అలాంటిది.)

మా ఆయన సుధీర్ హనుమకొండలో ఓరుగల్లు జీవకణ పరిశోధనాలయంలో పరిశోధకుడు. రక్తంలో తిరిగే కొన్ని ప్రత్యేకమైన కణాలను గిన్నెల్లో పెంచుతాడు. రక్తనాళం లోపలి గోడ ఎక్కడైనా పెచ్చులూడితే ఈ కణాలు అక్కడికి చేరుకుని, అతుక్కుని, గోడను మళ్లీ పూస్తాయట. నేను చదివింది బీకాం కాబట్టి నాకు అర్థం కావాలని వాటిని మేస్త్రీలన్నాడు. (గోడంటే కామర్స్ వాళ్లకు కూడా తెలుస్తుందని అతని నమ్మకం.) అప్పటినుంచి మా ఇంట్లో అవి మేస్త్రీలే.

ఆ మేస్త్రీలు మా అత్తమ్మ రక్తంలోంచి వచ్చినవి. అత్తమ్మ పేరు సారమ్మ. అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు నేర్పి నేర్పి రిటైరయింది. ఇప్పుడు ఆమెకు క్యాన్సర్. కొన్ని వారాలకోసారి సోమవారం నాడు దవాఖానకు వెళ్లి మందు ఎక్కించుకుంటుంది. మందు బాగానే పనిచేస్తోంది. నిజం చెప్పాలంటే మరీ ఉత్సాహంగా పనిచేస్తోంది. చెడ్డ కణాలను పట్టుకోమని పంపితే, దారిలో కనబడ్డ మేస్త్రీలను కూడా కొట్టుకుంటూ పోతోంది. (లాఠీచార్జి మధ్యలో ఇరుక్కున్న వాళ్లకు దీన్ని వేరే వివరించనక్కర్లేదు.) మందు ఆపలేరు. ఆపకపోతే నాళాల గోడలు పూసేవాళ్లు తగ్గిపోతారు, గుండె మీద భారం పడుతుంది.

తంగేడు పువ్వులో ఉండే ఏదో పదార్థం ఈ మేస్త్రీలకు గొడుగు పట్టవచ్చునని సుధీర్ అనుమానం. (శాస్త్రవేత్తల అనుమానం మంచిదేనట. పెళ్లికి ముందు మా అమ్మ ఈ విషయం రెండుసార్లు అడిగి తెలుసుకుంది.) ప్రయోగం చాలా తేలిక. మేస్త్రీలున్న గిన్నెలు సగానికి తంగేడు సారం కలపాలి, మిగతా సగానికి కలపకూడదు. మర్నాడు అన్నింటిలోనూ అత్తమ్మ వాడే మందు వేయాలి. ఎవరు నిలబడ్డారో, ఎవరు పడిపోయారో చూడాలి. అంతే.

ఒక్కటే ఇబ్బంది. అత్తమ్మకే రక్తం తక్కువగా ఉంది కాబట్టి ప్రయోగాల కోసం ఇంకొక చుక్క కూడా తీయడానికి వీల్లేదని డాక్టరు చెప్పేశారు. గిన్నెల్లో ఉన్న మేస్త్రీలే మొదటి బ్యాచీ, చివరి బ్యాచీ. అవి కూడా ఒంటి బయట ఎక్కువ కాలం వయసులో ఉండవు. తొందరగా తేల్చాలి.

"నేను ఆ తంగేడు పువ్వు కషాయం కాసుకొని తాగుత తియ్యి," అంది అత్తమ్మ.

"వద్దమ్మా. మందుతోని కలిస్తె ఏమైతదో తెల్వది. ముందుగాల వాళ్లను తాగనీ," అన్నాడు సుధీర్.

"నాకన్న ముందు నా రక్తానికి పెడ్తాన్నవన్నట్టు," అంది ఆమె. ఆదివారం చర్చిలో మేస్త్రీల క్షేమం కోసం ప్రార్థన చేయించింది. ఎవరమ్మా వాళ్లు, ఎక్కడ పనిచేస్తారు అని పాస్టరుగారు అడిగితే, "హనుమకొండల, ఏసీ రూంల," అని చెప్పింది.

మేస్త్రీలకు రోజు విడిచి రోజు తిండి పెట్టాలి. పండుగ, పబ్బం, హనీమూన్ వాటికి తెలియవు. అందుకని ఆదివారాల్లో బండి మీద ఇద్దరం ల్యాబుకు వెళ్లేవాళ్లం. సుధీర్ నాకు తన పాత తెల్లకోటు ఇచ్చాడు. పెళ్లికి కొన్న పట్టుచీరలన్నింటికంటే అదే నాకు బాగా నప్పిందన్నాడు. (దీనికి శాస్త్రీయ ఆధారాలు సేకరించాల్సి ఉంది.) వెచ్చటి ఇంక్యుబేటరు అద్దంలోంచి ఇద్దరం తలలు ఆనించి గిన్నెలను చూసేవాళ్లం. ఏమీ కనబడేది కాదు. అయినా బాగుండేది. తిరిగి వచ్చేటప్పుడు చౌరస్తాలో మిర్చి బజ్జీ. మా విహారయాత్ర మొత్తం ఇదే, నాకు దీని మీద ఏ ఫిర్యాదూ లేదు.

ఇక తంగేడు పూలు. బతుకమ్మ దగ్గరపడే రోజులు. నెక్కొండ దారి పొడుగునా పసుపు పచ్చగా విరగబూసి ఉన్నాయి. అడిగేవాళ్లు లేరు, ఆపేవాళ్లు లేరు. వెళ్లి ఒక సంచి కోసుకొస్తే సరిపోతుందని నేననుకున్నాను. పరిశోధనాలయం ప్రవేశ నియమావళి నాకు అప్పటికి తెలియదు. ఉచితంగా లభించే ఏ వస్తువునూ ప్రయోగశాలలోకి అనుమతించరాదని అందులో స్పష్టంగా ఉంది. కొనని వస్తువుకు బిల్లుండదు, బిల్లు లేనిదానికి నాణ్యత ఉండదు.

కాబట్టి మార్కెట్లో రాజక్క దగ్గర కొన్నాం. నెక్కొండ దారిలో పూసిన ఆ తంగేడునే ఆమె పొద్దున కోసి గంపలో తెచ్చి అమ్ముతుంది.

"బతుకమ్మకేనా బిడ్డా? జర కాడ పొడుగున్నయి చూసి పెడ్త, పేర్చుడు అల్కగుంటది."

"పేర్చం అక్కా. రుబ్బుతం," అన్నాను.

"రుబ్బుతరా!" రాజక్క చెయ్యి గంప మీదే ఆగిపోయింది. "పండుగ పూట పువ్వును రుబ్బుడేందే?"

క్యాన్సర్ మందు సంగతి, మా అత్తమ్మ సంగతి చెప్పాను. రాజక్క తూచిన పూల మీద రెండు దోసిళ్లు కొసరు పోసింది. ఆ రెండు దోసిళ్లనూ పరిశోధనాలయం గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు తీయించేశారు. కొసరు ఉచితం కిందికి వస్తుంది.

గేటు దాటిన పూలు కొనుగోలు విభాగానికి చేరాయి. ఆ విభాగం సూపరింటెండెంటు వెంకట్రాజం గారు చాలా మంచి మనిషి. ఎవరినీ కసురుకోరు. ఏ పనీ కాదని చెప్పరు. ఆయన దగ్గర 'సునాయాస' అనే కొనుగోలు యాప్ ఉంటుంది, కాదని అది చెబుతుంది. ఆ రోజు నేను సుధీర్‌కు బెండకాయ వేపుడు తీసుకెళ్లాను. (కొత్త పెళ్లికూతురు డబ్బా తెస్తే ఆఫీసంతా లేచి నిలబడి చూస్తుంది. ఆ వైభవం ఎంతకాలం ఉంటుందో తెలియదు కాబట్టి రోజూ తీసుకెళ్లేదాన్ని.) అలా ఆ చారిత్రక సంభాషణకు నేను ప్రత్యక్ష సాక్షినయ్యాను.

"ఏ పద్దు కింద ఎక్కియ్యాలె సార్?" అన్నారు వెంకట్రాజం గారు.

"రసాయనాల కింద పెట్టుండ్రి," అన్నాడు సుధీర్.

"రసాయనమైతె సీసాల రావాలె. మీది గంపల వచ్చింది."

"మరి ఔషధ మొక్కల కింద?"

"అది మొక్క. మీది పువ్వు. పువ్వుకు యాప్ల మూడే ఆప్షన్లున్నయి సార్. మెడకా, నెత్తికా, బొకేనా? మూడూ సన్మానం కిందికే వస్తయి."

"రోట్లకు," అన్నాడు సుధీర్.

వెంకట్రాజం గారు ఫోనును పైకీ కిందికీ జరిపి చూశారు. రోలు లేదు. సుధీర్ ముఖం చూసి జాలిపడి, 'నెత్తికి' అనేదాన్ని నొక్కారు. "ఏం ఫికర్ చెయ్యకుండ్రి. నెత్తి మీద చల్లుడన్నట్టు. విడిపూలు కాబట్టి నడుస్తది. తీస్కపోయి రుబ్బుకోండ్రి."

మా ఇద్దరి సంతోషం అరనిమిషం నిలిచింది. ఫోను టింగుమంది. సన్మానం ఫొటో గురువారంలోగా ఎక్కించాలని, లేనిపక్షంలో పూలను వాపసు ఇవ్వాలని సునాయాస తెలియజేసింది.

"అప్పటికి రుబ్బుడైపోతది గదా సార్," అన్నాడు సుధీర్.

"రుబ్బినయే వాపసియ్యాలె మరి. యాప్ గట్ల అడుగుతాంది."

అంటే గొడుగు దొరికిన వెంటనే గొడుగు జప్తు. కాబట్టి ఎవరో ఒకరికి సన్మానం చేయక తప్పదు. ఎవరికి? డైరెక్టరు ఓంప్రకాశ్ గారికి ఆ నెల శాలువాల పరిమితి దాటిపోయింది. సుధీర్‌కు చేయడానికి వీల్లేదు. సన్మానానికి అర్హులు మూడు రకాలే: పదవిలో ఉన్నవారు, పదవి దిగినవారు, పదవి రాక బాధపడుతున్నవారు. పనిచేస్తున్నవారి ప్రస్తావన నియమావళిలో లేదు. ఒక్క వెసులుబాటు మాత్రం ఉంది. 'స్వార్థం లేకుండా విశేష సేవలు అందించినవారు' అనే నాలుగో వర్గం. ఇంతవరకూ ఎవరూ దొరకక అది ఖాళీగా ఉంది.

ఆ సమయంలో నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ నేను మంచి హుషారులో ఉన్నాను, ఆ వేపుడు నిజంగా బాగా కుదిరింది.

"ఆ మేస్త్రీలకే చెయ్యండి బాబాయ్ సన్మానం," అన్నాను. "పగలనక రాత్రనక గోడలు పూస్తరు. జీతం అడగరు. సెలవు పెట్టరు."

వెంకట్రాజం గారు టీ కప్పు కింద పెట్టారు. "సెలవు పెట్టరా?"

"ఒక్కపూట కూడ."

"మెడికల్ లీవు?"

"వాళ్లే మెడికల్ బాబాయ్."

ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తన సర్వీసులో ఇలాంటి సిబ్బంది గురించి వినలేదని ఆయన కళ్లే చెబుతున్నాయి. "గట్లయితె చెయ్యాల్సిందే అమ్మా," అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆయన అప్పటికే ఫ్లెక్సీ వాడికి ఫోను చేస్తున్నారు.

సుధీర్ పూలు రుబ్బాడు, వడకట్టాడు, సారం తీశాడు. బుధవారం సాయంత్రం సగం గిన్నెల్లో కలిపాడు. గురువారం మధ్యాహ్నం అన్నింటిలో మందు వేయాలి. గురువారం పొద్దున సన్మానం, ల్యాబు హాల్లోనే, ఇంక్యుబేటరు ముందు. చలిగాలి తగిలితే మేస్త్రీలు తట్టుకోలేరని, ఒంట్లో ఉన్నంత వెచ్చగా ఉండాలని, ఇంక్యుబేటరు తలుపు ఊరికే తీయకూడదని వెంకట్రాజం గారికి చేతులు పట్టుకుని చెప్పాడు.

"సన్మానం చేయించుకునేటోళ్ల మొఖం కనవడకపోతె యాప్ ఫొటోను తీస్కోదు సార్. తలుపు తీసుడు, క్లిక్కు, తలుపు వేసుడు. నాది పూచీ."

ఫ్లెక్సీ అద్భుతంగా వచ్చింది. అందులో అందరికంటే పెద్ద బొమ్మ ముఖ్య అతిథిది. తర్వాత డైరెక్టరుగారిది. కింద వరసలో, గుండ్రటి చట్రాల్లో, మైక్రోస్కోపు కింద తీసిన మేస్త్రీలు. చూడటానికి వార్డు సభ్యుల్లాగే ఉన్నారు.

అత్తమ్మ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, మందుకు రాలిపోయిన జుట్టు కనబడకుండా తలకు స్కార్ఫు చుట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర వాలంటీరు ఆమెను ఆపాడు.

"పేషెంట్లు అటు దవాఖానకు పోవాలె అమ్మా. ఇక్కడ ఫంక్షన్."

"నేను సన్మానమోళ్ల తరఫు కొడుకా."

"చుట్టాలా?"

"రక్తసంబంధం," అంది అత్తమ్మ. చివరి వరసలో కుర్చీ వేశాడు.

ముఖ్య అతిథి జిల్లా సన్మానాల సమన్వయాధికారి రమాకాంత్ గారు. అంతకుముందే ఒక బోరుబావికి, ఒక రిటైర్డు ఎద్దుకు సన్మానం ముగించుకుని కొంచెం ఆలస్యంగా వచ్చారు. (ఎద్దు తరఫువాళ్లు భోజనం పెట్టకుండా పంపలేదట.) రాగానే ఇంక్యుబేటరు ముందు నిలబడి, "తలుపు తీయుండ్రి," అన్నారు.

సుధీర్ తీశాడు. క్లిక్కు. సుధీర్ వేయబోయాడు.

"ఆగుండ్రి. నా మాటలు వాళ్లు వినొద్దా? తలుపేసి మాట్లాడితె అది సన్మానమెట్లయితది, అవమానమైతది."

తలుపు తెరిచే ఉంచారు. దీపం వెలిగించారు. అగరుబత్తీలు వెలిగించారు. ఇంక్యుబేటరు మీద శాలువా కప్పారు, గాలి ఆడే చోటుతో సహా. మెడ ఎక్కడుందో తేల్చుకోలేక దండను గడియకు వేశారు. లోపల వేడి తగ్గిపోతోందని ఇంక్యుబేటరు కుయ్‌కుయ్‌మంటూ మొత్తుకోవడం మొదలుపెట్టింది.

"ఎవరిదో ఫోన్ మోగుతాంది. జర సైలెంట్ల పెట్టుండ్రి," అన్నారు రమాకాంత్ గారు, ఉపన్యాసం అందుకున్నారు. "ఈ కణాలు ఎక్కడ్నుంచో వచ్చినోళ్లు కాదు. మన నడుమ ఉండేటోళ్లే. మన లోపట ఉండేటోళ్లే. అయినా ఒక్కనాడన్న తెర మీదికి వచ్చిండ్రా? ఇంత నిరాడంబరులను నేను నా జీవితంల చూడలేదు. ఇప్పటికి కూడ నాకు కనవడుత లేరు!"

చప్పట్లు. సుధీర్ తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను పక్కకు వెళ్లి ఆ చెయ్యి మీద చెయ్యి వేశాను. ప్రొటోకాల్ ప్రకారం వేదిక మీద అలా చేయకూడదట, వెంకట్రాజం గారు చూసి మర్యాదగా ఫ్లెక్సీ వైపు తిరిగారు.

తర్వాత సన్మాన గ్రహీతల స్పందనకు సమయం కేటాయించారు. మైకును ఇంక్యుబేటరు లోపలికి పెట్టారు. హాలంతా నిశ్శబ్దం. కుయ్ కుయ్ మాత్రం వినబడింది. చాలా సంక్షిప్తంగా, సూటిగా మాట్లాడారని రమాకాంత్ గారు అభినందించారు. వందన సమర్పణ, ఉప్మా.

సాయంత్రం సుధీర్ గిన్నెలను ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద పెట్టాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని అతని ముఖం చూస్తున్నాను. మొదటి గిన్నె. మేస్త్రీలు గోడ వదిలేసి, గుండ్రంగా ముడుచుకుని, నీళ్ల మీద తేలుతున్నారు. రెండోది అంతే. మూడోది అంతే. నాలుగో గిన్నె పెట్టి చాలాసేపు చూశాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. నన్ను చూడమన్నాడు. అందులో మేస్త్రీలు కాళ్లు చాపుకుని, ఒకరినొకరు పట్టుకుని, గోడకు అతుక్కుని దర్జాగా ఉన్నారు. దాని తర్వాతిది కూడా అంతే. తంగేడు సారం కలిపినవన్నీ బతికాయి, కలపనివన్నీ పోయాయి.

నేను ఎగిరి గంతేశాను. తెల్లకోటుతో గంతేయడం కష్టం, అయినా వేశాను. "పనిచేసింది! సుధీర్, తంగేడు పనిచేసింది!"

"పనిచేసింది," అన్నాడు సుధీర్. "దేనికి?"

అప్పుడు గుర్తొచ్చింది. సన్మానం మధ్యాహ్నం దాటేదాకా సాగడంతో అతను ఇంకా మందు వేయనేలేదు. రక్తనాళ మేస్త్రీలను తంగేడు కాపాడింది సన్మానం నుంచి. మందు నుంచి కాపాడుతుందో లేదో తేలాలంటే తంగేడు కలపని గిన్నెలు కూడా పక్కన ఉండాలి, పోల్చి చూడటానికి. అవన్నీ ఉపన్యాసంలో పోయాయి.

ఇంటికి వెళ్లేసరికి అత్తమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"నా మేస్త్రీలు ఎట్లున్నరురా?"

"సగం మంది పోయిండ్రమ్మా."

"మందుకా?"

"ఉపన్యాసానికి."

అత్తమ్మ నవ్వింది. ఆయాసం వచ్చేదాకా నవ్వింది. నేను నీళ్లు తెచ్చి ఇచ్చాను. తాగి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని, "మిగిలినోళ్లు మందుకు తట్టుకుంటరా మరి?" అంది.

"తెల్వదమ్మా."

"నేను అడిగింది గదొక్కటే గద కొడుకా," అంది మెల్లగా.

పరిశోధనాలయం మాత్రం ఫలితాన్ని రెండు చేతులా స్వీకరించింది. సన్మానానికి దుష్ప్రభావాలున్నాయని ప్రపంచంలో మొదటిసారి నిరూపించినది మేమేనని డైరెక్టరుగారు ప్రకటించారు. వాటి నుంచి రక్షణ కూడా మా దగ్గరే ఉంది. విషయం తెలిసి ముఖ్య అతిథులు, అధ్యక్షులు, ఆత్మీయ అతిథులు జిల్లా నలుమూలల నుంచీ ఫోన్లు చేశారు. ఇన్నేళ్లుగా తమకు కూర్చున్నచోటే ఎందుకలా ఉంటోందో ఇప్పుడు అర్థమైందన్నారు. 'సన్మాన దుష్ప్రభావాల నివారణ విభాగం' మంజూరయింది. సునాయాసలో పూలకు 'రోట్లోకి' అనే నాలుగో ఆప్షన్ వచ్చింది. బతికిన మేస్త్రీలను ఆ విభాగానికి డిప్యుటేషన్ మీద పంపారు. సుధీర్ ఫెలోషిప్ పొడిగించారు, మాకు క్వార్టరు కూడా ఇచ్చారు. దానికి బాల్కనీ ఉంది. (పొద్దున ఇద్దరం ఒకే కప్పులో టీ తాగుతూ నిలబడటానికి సరిగ్గా సరిపోతుంది. ముగ్గురికైతే చాలదు.)

మందు ప్రయోగానికి మళ్లీ అనుమతి కోరుతూ సుధీర్ డైరెక్టరుగారిని కలిశాడు. ఇంకొకరి రక్తంతోనైనా చేస్తానన్నాడు. ఓంప్రకాశ్ గారు ఓపికగా విన్నారు. "చూడు సుధీర్, ఈ జిల్లాల ఆ మందు వాడేటోళ్లు ఎంతమంది, సన్మానాలు అయ్యేటోళ్లు ఎంతమంది? సైన్సు ఎక్కువమందికి పనికిరావాలె," అన్నారు. కాదనడానికి సుధీర్ దగ్గర గణాంకాలు లేవు.

సోమవారం అత్తమ్మ దవాఖానకు వెళ్లి మందు ఎక్కించుకుని వచ్చింది. ఆమెకు ఇంతవరకూ ఎవరూ సన్మానం చేయలేదు కాబట్టి, మా పరిశోధన ఫలితాలు ప్రస్తుతానికి ఆమె రక్తనాళాలకు వర్తించవు.